తోడల్లుడి కొలనులో క్లోరిన్

తెనాలి,
ఫిబ్రవరి, సోమవారం

చిరంజీవి ప్రేమ్ కుమార్‌కి,

ప్రభువునందు వందనాలు. ఇవి మీ వదిన చెప్పమన్న వందనాలు. నా తరఫున ఏమీ లేవు.

నీకూ నాకూ మాటల్లేవన్న సంగతి తెనాలికీ తెలుసు, రేపల్లెకీ తెలుసు. మామగారి ఊళ్ళో చర్చి శతవార్షిక సంచికకి నేను గ్రంథాలయాల వెంట తిరిగి పదహారు పేజీల చరిత్ర రాసిస్తే, కమిటీ కార్యదర్శివి కదా అని దాన్ని పావు పేజీకి కోయించి, ఖాళీ అయిన చోట రొయ్యల మేత ప్రకటన వేయించావు. ఆ రోజు నీతో జన్మలో మాట్లాడనని పదిమందిలో చెప్పాను. ఆ మాట మీదే ఉన్నాను. అందుకే ఫోన్ చేయడం లేదు. రాయనని మాత్రం చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను.

మీ వదిన మోకాళ్ళు బాగా అరిగాయి. రోజూ అరగంట నడుము లోతు నీళ్ళలో నడిస్తే కండ బలపడుతుందని, రెండు నెలల్లో గుణం కనిపించకపోతే ఆపరేషన్ తప్పదని ఎముకల డాక్టరు చెప్పాడు. స్టెల్లాకి కత్తి అంటే ఎంత భయమో నీకు తెలుసు. కూరగాయలు కూడా కత్తిపీటతోనే కోస్తుంది, చాకు ముట్టుకోదు. తెనాలిలో నాకు తెలిసిన ఒక్క కొలనులోకి ఇనుప నిచ్చెన దిగి వెళ్ళాలి. మోకాళ్ళు బాగుంటే గాని ఆ నిచ్చెన దిగలేం, ఆ నిచ్చెన దిగితే గాని మోకాళ్ళు బాగుపడవు. నీ ఇంటి వెనక ఉన్న తొట్టికి వెడల్పు మెట్లూ, పట్టుకోడానికి కడ్డీ ఉన్నాయని మీ ఆవిడ లిడియా చెప్పిందట. కాబట్టి మీ వదిన అక్కడికి వస్తానంటోంది.

నా షరతు ఒక్కటే. పోయిన వేసవిలోనే ఆమె రెండు కళ్ళకీ శుక్లాలు తీశారు. నీళ్ళలో క్లోరిన్ తక్కువైతే క్రిములు, ఎక్కువైతే కళ్ళ మంట. లీటరు నీళ్ళకి ఒక మిల్లీగ్రాము నుంచి మూడు లోపు ఉండాలి. ముప్ఫయ్యేళ్ళు కాలేజీలో రసాయన శాస్త్రం చెప్పినవాడిగా అడుగుతున్నాను: నీ దగ్గర ఎంత ఉంది? దేనితో కొలుస్తున్నావు? ఎప్పుడు కొలుస్తున్నావు? సమాధానం సరిగ్గా వచ్చేదాకా ఆమె కాలి వేలు కూడా ఆ నీళ్ళలో పెట్టదు.

ఈ ఉత్తరం మా ఎదురింటి ప్రియ తెస్తుంది. రేపల్లెలో బ్యాంకు ఉద్యోగం, రోజూ రైల్లో వచ్చి పోతుంది. జవాబు ఆమె చేతికే ఇవ్వు.

ఇట్లు,
బంధుత్వం తప్పనిసరి అయిన
శాలేమురాజు

తా.క. 'అందాజుగా వేస్తాం అన్నయ్యా' అని మాత్రం రాయకు. అందాజుగా నడిచేవి రెండే: నీ చెరువులూ, మన కమిటీలూ.

*

రేపల్లె,
బుధవారం

పూజ్యులైన అన్నయ్యగారికి,

మీ తోడల్లుడు ప్రేమ్ కుమార్ రెండు చేతులా చేసే వందనాలు. నా తరఫువి కూడా ఇందులోనే ఉన్నాయండి.

మీ అక్షరాలు చూసి ఎన్నేళ్ళయింది! తిట్లయినా గుండ్రంగా ముత్యాల్లా ఉన్నాయి. వదినగారు వస్తున్నారని తెలిసి లిడియా కింది గది ఖాళీ చేయించి మంచం వేయించేసింది.

మీ ప్రశ్నలకి సమాధానం. రొయ్య కలిసొచ్చిన ఏడు సరదాపడి కట్టించానండి ఈ స్విమ్మింగ్ పూలు. చెరువులు తవ్వే మేస్త్రీయే తవ్వాడు. బ్లీచింగ్ పౌడరు అందాజుగా (క్షమించాలి, ఇంకో మాట తోచలేదు) రోజుకి ఒక మగ్గు చొప్పున వేస్తాం. కొలవడానికి మంచి పరికరం ఉంటుందట. దాని ధర వింటే మనకే కళ్ళు మండాయి. అందుకని కాగితం పట్టీల డబ్బా ఒకటి తెప్పించాను. నీళ్ళలో ముంచితే రంగు మారుతుంది. ఒక్కో పట్టీ ఒక్కసారికే అంటే వృథా కదండి, లిడియా కత్తెరతో నిలువునా రెండు చేద్దామంది. రెండే ఎందుకని నేను నాలుగు చేశాను. ఒకే పట్టీ నాలుగు ముక్కలు నాలుగు రంగులు చూపించాయి. సగటు తీశాం. అప్పటికీ అనుమానమైతే ముక్కు ఎలాగూ ఉంది. గుమ్మం దాకా వాసన కొడితే సరిపోయినట్టు.

అయినా ఇంట్లో అంత పెద్ద లెక్చరర్ని పెట్టుకుని బయట ఖర్చు దేనికి? ప్రియ చేతికి సీసాతో నీళ్ళు పంపుతున్నాను. మీరే చూసి చెప్పండి. పైసా ఖర్చుండదు.

మీ ఆశీస్సులు కోరే తమ్ముడు,
ప్రేమ్ కుమార్

తా.క. సీసా కడిగి పంపించండి. లిడియా ఉసిరికాయ పచ్చడికి వాడుతుంది.

ఇంకో తా.క. మీ వ్యాసం నేను కోయలేదండి. ప్రెస్సువాడు కోశాడు. ఎక్కడ కోయాలో చూపించానంతే.

*

తెనాలి,
శుక్రవారం

చిరంజీవి ప్రేమ్ కుమార్‌కి,

వందనాలు పైన చెప్పినట్టే, మీ వదినవి.

నీ సీసా అందింది. మునిసిపాలిటీ వాళ్ళు కుళాయి నీళ్ళు పరీక్షించే చుక్కల మందు నా దగ్గర ఉంది. క్లోరిన్ ఉంటే నీళ్ళు పసుపు రంగుకి మారతాయి. ఐదు చుక్కలు వేశాను. రంగు మారలేదు. మరో ఐదు వేశాను. మారలేదు. నీ నీళ్ళలో క్లోరిన్ సున్నా. కొంచెం తక్కువ కాదు, దాదాపు సున్నా కాదు, పూర్తిగా సున్నా. (పేజీ తిప్పు.)

అయితే ఇది నీ తొట్టిలోని సున్నా కాదు, సీసాలోని సున్నా. ఎండ తగిలితే క్లోరిన్ ఎగిరిపోతుంది. ఉసిరికాయ వాసన మిగిలి ఉన్న సీసాలో పోసి, పొద్దుటి నుంచి బ్యాంకు కిటికీలో పెట్టి, సాయంత్రం రైల్లో పంపితే, క్లోరిన్ టిక్కెట్టు తీసుకుని తెనాలి దాకా రాదు. కాబట్టి ఈ ఫలితం చూసి ఒక్క చెంచా బ్లీచింగ్ కూడా వేయకు. నీళ్ళ పక్కనే నిలబడి పరీక్ష చేయాలి.

పద్ధతి చెబుతున్నాను. ఆ చుక్కల మందే కొను. చిన్న సీసా, నీ పట్టీల డబ్బా కంటే చవక, నెలల తరబడి వస్తుంది. పొద్దున్నే, ఎండ పడకముందు, సన్నటి గాజు సీసాని మూతి కిందికి పెట్టి మోచేతి లోతు దాకా దింపి, అక్కడ తిప్పి నింపు. పైపు నీళ్ళు పడే చోట పట్టకు. ఐదు చుక్కలు వేసి కదిపి, వెనక తెల్ల కాగితం పెట్టి చూడు. నిమ్మతొక్క రంగు వస్తే బాగున్నట్టు. పసుపు కొమ్ము రంగు వస్తే ఎక్కువ. కమలాపండు రంగు వస్తే పిట్టని కూడా వాలనివ్వకు. ముక్కుని నమ్మకు. ఘాటు వాసన వచ్చేది క్లోరిన్ చాలినంత ఉన్నప్పుడు కాదు, అది చెమటతోనూ మురికితోనూ కలిసి పాడైనప్పుడు.

ఇట్లు,
శాలేమురాజు

తా.క. నాలుగు తప్పులకి సగటు తీస్తే ఒప్పు రాదు. వచ్చేటట్టయితే కమిటీలు ఎప్పుడూ ఒప్పే చేసేవి.

*

రేపల్లె,
మరుసటి గురువారం

పూజ్యులైన అన్నయ్యగారికి,

తలవంచుకుని చేసే వందనాలు. ఎందుకు వంచుకున్నానో కింద రాస్తున్నాను.

మీ ఉత్తరం గేటు దగ్గరే నిలబడి చదివానండి. మొదటి పేజీ చివర 'పూర్తిగా సున్నా' అని చూడగానే నాకు చెమటలు పట్టాయి. వదినగారు వచ్చే నీళ్ళు కదా అని, ఉత్తరం జేబులో పెట్టేసి, చెరువుల కోసం తెచ్చిన బ్లీచింగ్ బస్తా సగం గుమ్మరించాను. పేజీ తిప్పమన్న సంగతి మర్నాడు లిడియా చొక్కా ఉతకబోయి జేబు తడిమితే తెలిసింది. అప్పటికి గట్టు మీద ఆరేసిన మెరూన్ తువ్వాలు బిస్కెట్ రంగులోకి వచ్చేసింది.

వెంటనే మీరు చెప్పిన చుక్కల మందు కొన్నాను. మోచేతి లోతు, మూతి కిందికి, అన్నీ మీరు చెప్పినట్టే. నిమ్మతొక్కా కాదు, పసుపు కొమ్మూ కాదు. అచ్చం కమలాపండండి.

నాకు భయమేసింది. మళ్ళీ మిమ్మల్ని అడిగితే తిడతారని, మా మేత డీలరు దగ్గరున్న ఆక్వా ల్యాబుకి పట్టుకెళ్ళాను. ఖాతాదారులకి చెరువు నీళ్ళు ఉచితంగా చూస్తారు. చీరాల నుంచి వచ్చిన హనుమాన్‌ప్రసాద్ అని కుర్రాడు, బుద్ధిమంతుడు. ఏ చెరువండీ అన్నాడు. స్విమ్మింగ్ పూలంటే ఉచితం వర్తించదు కదా, అందుకని ఇంటెనక చెరువన్నాను. అతను చూసి తల పట్టుకున్నాడు. ఇందులో రొయ్య కాదు కదా నాచు కూడా బతకదు, ముందు క్లోరిన్ విరగ్గొట్టాలి అని ఒక మందు రాసిచ్చాడు. తరవాత నీటికి ప్రాణం పోయడానికి బెల్లం, తవుడు పులియబెట్టి వారం పాటు పోయమన్నాడు. అన్నీ చేస్తున్నాను. ఇప్పుడు క్లోరిన్ పీడ పూర్తిగా విరగడైంది. నీళ్ళు లేత అరిటాకు రంగులోకి తిరుగుతున్నాయి. ఈ చుట్టుపక్కల ఇంత మంచి నీరు లేదని హనుమాన్‌ప్రసాద్ అంటున్నాడు.

రొయ్య ఎంత సుకుమారమైన ప్రాణో మీకు తెలియదు అన్నయ్యగారూ. రొయ్యకి పనికొచ్చిన నీరు మనిషికి పనికిరాకపోవడం అంటూ ఉండదు. వదినగార్ని నిశ్చింతగా పంపించండి.

మీ తమ్ముడు,
ప్రేమ్ కుమార్

తా.క. పులిసిన తవుడు బక్కెట్టు చూసి ఇదేంటని లిడియా అడిగింది, చెప్పాను. అప్పటి నుంచి నాతో మాట్లాడటం లేదు. మన కుటుంబంలో ఈ జబ్బు ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటున్నట్టుంది.

*

తెనాలి,
ఆదివారం, ఆరాధన తరవాత

ప్రేమ్ కుమార్‌కి,

చిరంజీవి అని రాయడానికి చేయి రాలేదు.

నేను చదివిన పుస్తకాల్లో రాజ్యాలు పోగొట్టుకున్న మూర్ఖులున్నారు, ఓడలు ముంచిన మూర్ఖులున్నారు. స్విమ్మింగ్ పూలుకి బెల్లం తవుడు పెట్టి మేపినవాణ్ణి ఇంతవరకూ చదవలేదు. క్లోరిన్ ఉండాలని నేను రెండు పేజీలు రాస్తే, క్లోరిన్ పీడ విరగడైందని నాకే శుభవార్త పంపుతావా? లేత అరిటాకు రంగు అంటే ఏంటో తెలుసా? పాచి. కోట్ల కొద్దీ పాచి. హనుమాన్‌ప్రసాద్ తప్పు లేదు. చెరువని చెబితే చెరువుకే వైద్యం చేశాడు. డాక్టరు ఫీజు మిగులుతుందని గేదెని చూపిస్తున్నానని చెప్పి మనిషిని పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళినట్టుంది నీ పొదుపు.

వెంటనే చేయాల్సింది: తొట్టి ఖాళీ చేయించు. టైల్స్ రుద్దించు. బోరు నీళ్ళు నింపు. బ్లీచింగ్ పౌడరు బక్కెట్లో కలిపి, సున్నం అడుక్కి దిగాక పై తేట మాత్రం పోయించు. తరవాత చుక్కలు. నిమ్మతొక్క రంగు వచ్చేదాకా చుక్కలు. ఏ ల్యాబుకీ వెళ్ళకు.

ఇంకో సంగతి. మా ఇంటి ఆడవాళ్ళ ఊసు మన ఉత్తరాల్లో రాకూడదని నాకు గట్టి ఆజ్ఞ అయింది. ఒట్టు మీద నిలబడే మనిషిని కాబట్టి పేరు రాయను. తెనాలి నుంచి రైల్లో నీ ఇంటికి వచ్చిన మనిషిని సరిగ్గా చూసుకో. ఏ లోటూ రాకూడదు. ఇంతకు మించి రాయలేను.

ఇట్లు,
శాలేమురాజు

తా.క. లిడియా చిన్నప్పటి నుంచీ తెలివైన పిల్ల. నీతో మాట్లాడటం మానేయడానికి ఇంతకాలం ఎందుకు పట్టిందో నాకు అర్థం కాదు.

*

రేపల్లె,
మార్చి, గురువారం

పూజ్యులైన అన్నయ్యగారికి,

ఆకలితో ఉన్న తమ్ముడి వందనాలు.

జవాబు ఆలస్యమైంది, మన్నించాలి. మీరు చెప్పిన మనిషికి ఏ లోటూ లేదండి. వచ్చినప్పుడల్లా టీ ఇస్తున్నాను. మీ ఉత్తరం తరవాత రెండు బిస్కెట్లు కూడా ఇస్తున్నాను. లోపలికొచ్చి కూర్చోమ్మా అంటే వినదు, గేటు దగ్గరే నిలబడి తాగేస్తుంది. నేనేం చేయను?

ఆజ్ఞ మీ ఒక్కరికే కాదండి. నాకూ అయింది. కాబట్టి మా ఇంటి ఆడవాళ్ళ సంగతి నేనూ ఎత్తను. ఒక్కటి మాత్రం రాస్తాను, ఆపుకోలేక. మీరక్కడ వేళకి వేడి వేడి చేపల పులుసు తింటున్నారని తలుచుకుంటూ నేనిక్కడ మెస్సులో సాంబారు పోసుకుంటున్నాను. తినండి. మీకు తినాల్సిన వయసు.

పూలు ఖాళీ చేయిద్దామని మోటారు బిగించబోతుంటే హనుమాన్‌ప్రసాద్ చెరువు చూస్తానని ఇంటికొచ్చాడు. నీలం టైల్స్, స్టీలు కడ్డీ చేత్తో తడిమి చూశాడు. ఇంత ఖర్చుపెట్టి చెరువు కట్టినవాణ్ణి నేనెక్కడా చూడలేదు సార్ అన్నాడు. ఇంత మంచి నీరు పారబోస్తే పాపం తగులుతుందట. ఎలాగూ అందులో దిగేవాళ్ళెవరూ లేరు కదా అని వేలెడేసి కొర్రమీను పిల్లలు తెచ్చి వదిలాం. చలాకీగా ఉన్నాయి. చేయి పెడితే వేలు పట్టుకుంటున్నాయి.

మీ తమ్ముడు,
ప్రేమ్ కుమార్

తా.క. చుక్కల మందు వృథా పోనివ్వలేదండి. మెస్సులో మంచినీళ్ళకి వేసి చూశాను. ఓనరు నన్ను రావద్దన్నాడు. ఇప్పుడు సాంబారు కూడా లేదు.

*

తెనాలి,
శుక్రవారం సాయంత్రం

ప్రేమ్ కుమార్‌కి,

వందనాలు లేవు. మీ వదినవి కూడా లేవు, ఆమె ఇక్కడ లేదు కాబట్టి. ఆ సంగతి నీకు తెలుసు.

ఇక నా ఒట్టు చెడితే చెడనీ. పేరు పెట్టే రాస్తున్నాను. నా భార్య స్టెల్లా నీ ఇంట్లో ఉంది. నీ తవుడు ఉత్తరం చదివి వినిపించిన మర్నాడే, వద్దంటున్నా వినకుండా, సూట్‌కేసు సర్దుకుని ప్రియతో స్టేషనుకి వెళ్ళిపోయింది. తన గురించి ఉత్తరంలో ఒక్క ముక్క రాసినా తిరిగి రానంది. రోజూ సాయంత్రం ఫోన్ చేస్తుంది. నీళ్ళు చల్లగా హాయిగా ఉన్నాయని, అరగంట కాదు గంట నడుస్తున్నానని, కళ్ళు మండటం లేదని, మోకాళ్ళు వంగుతున్నాయని చెబుతుంది. నేను నమ్మాను. నువ్వు నా మాట విని తొట్టి కడిగించి, నిమ్మతొక్క రంగుకి తెచ్చావనుకున్నాను. నీ గురించి మొదటిసారి ఒక మంచి అభిప్రాయం కలగబోయింది.

ఇప్పుడు కొర్రమీనంటావు. వేలు పట్టుకుంటుందంటావు. దిగేవాళ్ళెవరూ లేరంటావు. శుక్లాలు తీయించుకున్న మనిషి గట్టు మీంచి చూస్తే పాచిలో చేప కనబడుతుందా? కాలికి ఏదో తగిలితే నీళ్ళలో ఆకులు పడ్డాయనుకుంటుంది, పాపం. పైగా మోకాళ్ళు పట్టేసి కూర్చోలేకపోతున్న మనిషిని గేటు దగ్గర నిలబెట్టి టీ, రెండు బిస్కెట్లు ఇచ్చి, నేనేం చేయను అని నన్నడుగుతావా?

చేపల పులుసు సంగతి కూడా తేల్చుకుందాం. ఆవిడ వెళ్ళినప్పటి నుంచి పప్పు ఒక రోజు మాడుతోంది, ఒక రోజు ఉడకడం లేదు. ఈస్టరుకి ముందు ఉపవాసాల రోజులు, శ్రమదినాలు ఇవి. ఆ పేరు నాకు ఇంతలా ఎప్పుడూ సరిపోలేదు. దాన్ని పట్టుకుని వేడి వేడి పులుసని ఎగతాళి చేస్తావు. లిడియా నీకు అన్నం పెట్టడం మానేసి మెస్సుకి తరిమిందంటే చాలా ఆలస్యంగా జరిగిన న్యాయం అది.

రేపు రెండో శనివారం, ప్రియకి సెలవు. కాబట్టి ఈ ఉత్తరం నేనే తెస్తున్నాను. పొద్దున్నే బస్సెక్కి వచ్చి నీ చేతిలో పెడతాను. నీతో ఒక్క మాట మాట్లాడను. నువ్వు చదువుతుండగా నా చుక్కలు నేను వేసి చూసుకుని, నా భార్యని తీసుకుని వచ్చేస్తాను.

ఇట్లు,
శాలేమురాజు

తా.క. ఈసారి పేజీ తిప్పకుండా లేవకు. నేను ఎదురుగా నిలబడి ఉంటాను.

*

తెనాలి, మీ వరండా,
ఆదివారం సాయంత్రం

పూజ్యులైన అన్నయ్యగారికి,

మీ ఇంట్లోంచే మీకు రాస్తున్న వందనాలు.

శనివారం పొద్దున రైలుకి లిడియాని తీసుకెళదామని వచ్చానండి. తవుడు గొడవ తరవాత, అక్కకి మోకాళ్ళు బాలేదు, తెనాలి వెళ్ళి నాలుగు రోజులు వండిపెడతానని చెప్పి వచ్చేసింది కదా. మరదలు వచ్చి వండిపెడుతోందంటే బావగారికి నామోషీ, ఉత్తరాల్లో ఎత్తొద్దంది. నేను ఎత్తలేదు. కానీ మనిషన్నాక తిండి ఉండాలి కదండి. బతిమాలి తీసుకెళదామని వచ్చాను.

వస్తే ఇంటికి తాళం. ప్రియ వాళ్ళమ్మగారు తాళంచెవి ఇచ్చారు. మీరు పొద్దున్నే చేతిలో చిన్న సీసా, జేబులో ఉత్తరంతో రేపల్లె బస్సెక్కారట. వదినగారు సూట్‌కేసుతో వెళ్ళి చాలా రోజులైందట. లిడియా అసలు ఈ గుమ్మం తొక్కనే లేదట. నేను చేస్తే లిడియా ఫోన్ ఎత్తదు, రాత్రికి 'క్షేమం' అని ఒక్క మాట పంపుతుంది. ప్రియని అడిగితే నన్ను అడగొద్దు బాబాయిగారూ అని లోపలికి వెళ్ళిపోయింది.

మీ టేబుల్ మీద నా చివరి ఉత్తరం ఉంది, దాని మీద ఎర్ర సిరాతో గీతలున్నాయి. 'మనిషి' అన్న చోట మూడు గీతలు గీశారు. అప్పుడు నాకు విషయం అర్థమైందండి. నేను టీ బిస్కెట్లు ఇచ్చింది ప్రియకి అన్నయ్యగారూ. రైల్లో తెనాలి నుంచి మా ఇంటికి వచ్చే మనిషి నాకు ఇంకెవరున్నారు?

వదినగారు మా ఇంట్లో లేరు. లిడియా మీ ఇంట్లో లేదు. ఆడవాళ్ళు ఎక్కడున్నారండి? రేపు పొద్దున ప్రియ చేతికి ఇది ఇస్తున్నాను. దయచేసి ఈసారికి ఫోన్ చేయండి.

మీ తమ్ముడు,
ప్రేమ్ కుమార్

తా.క. మీ గిన్నెలో ఉన్నది పప్పేనా? అడుగున గోకితే కొంత వచ్చింది, తిన్నాను. బాగానే ఉందండి.

*

రేపల్లె, నీ తొట్టి గట్టు,
సోమవారం

చిరంజీవి ప్రేమ్ కుమార్‌కి,

వందనాలు. ఇవి నావే. ఇవ్వడానికి ఇక్కడ ఇంకెవరూ లేరు.

ఫోన్ చేయమన్నావు. చేయను. మనకి మాటల్లేవు. నీ ఇల్లు తాళం వేసి ఉండటం చూసిన నిమిషంలోనే స్టెల్లాకి చేశాను. ఏ గదిలో దాక్కున్నావని అడిగాను. అవతల హోరుమని చప్పుడు. మిక్సీ అనుకున్నాను. సముద్రం.

ఆడవాళ్ళిద్దరూ బాపట్లలో ఉన్నారు. స్టెల్లాతో ట్రైనింగ్ చదివిన సీతారావమ్మ టీచరు ఇంట్లో, మొదటి రోజు నుంచీ. లిడియా నీ దగ్గర్నుంచీ, స్టెల్లా నా దగ్గర్నుంచీ బయల్దేరి తెనాలి స్టేషన్లో కలుసుకుని బాపట్ల రైలెక్కారు. ప్రియే ఎక్కించింది. ఆటో మాట్లాడుకుని రోజూ సూర్యలంక వెళుతున్నారట. ఇసుక దిబ్బ వెనక సముద్రపు పాయ ఒకటి నిలుస్తుందట, అల రాదు, నడుము లోతు. అక్కాచెల్లెళ్ళిద్దరూ చేతులు పట్టుకుని అందులో నడుస్తున్నారు. నన్ను అడిగి ఉంటే పాయ నీళ్ళ గురించి నాలుగు ముక్కలు చెప్పేవాణ్ణి అన్నాను. స్టెల్లా ఏమందో ఉన్నదున్నట్టు రాస్తున్నాను, నీకూ వాటా ఉంది కాబట్టి.

"మీ ఇద్దరి నీళ్ళు తేటపడే లోపల నా మోకాళ్ళు పూర్తిగా పోతాయని అర్థమైందండి. చెబితే సముద్రానికి కూడా సీసాలు పట్టుకొచ్చేవాళ్ళు. అందుకే చెప్పలేదు."

శుక్రవారం అక్కడి డాక్టరుకి చూపించుకుందట. కండ బలపడిందని, కత్తి అవసరం లేదని, ఇలాగే ఇంకో నెల నడవమని చెప్పాడట. సీతారావమ్మ మేడ మెట్లు కడ్డీ పట్టుకోకుండా ఎక్కి దిగుతోందట. ఆ మాట విని నేను కాసేపు నీ గట్టు మీద కూర్చుండిపోయాను. ఎండ వల్ల.

తీసుకెళ్ళడానికి వస్తానన్నాను. వద్దంది. ఇంకో నెల ఇద్దరూ అక్కడే ఉంటారు. నువ్వు కూడా వెళ్ళకు. లిడియా మాట ఇది, నాది కాదు.

ఊరికే కూర్చోలేక నీ చెరువు మనుషుల్ని పిలిచి, వాళ్ళ దగ్గరున్న తాళంచెవితో ఇల్లు తెరిపించి, తొట్టి ఖాళీ చేయించాను. నిన్న మధ్యాహ్నం దాకా టైల్స్ రుద్దించి, రాత్రంతా బోరు నీళ్ళు నింపించి, తేట కొలిచి పోయించాను. ఈ పొద్దున సూర్యుడు రాకముందు మోచేతి లోతున పట్టి ఐదు చుక్కలు వేశాను. నిమ్మతొక్క. అచ్చమైన నిమ్మతొక్క రంగు. ఇంత చవగ్గా ఇంత సరిగ్గా కుదిరిన కొలనుని చూడటానికి ఒక్క మనిషి లేడు. ఎవరో ఒకరు దిగాలి కదా అని పంచె ఎగ్గట్టి నేనే దిగాను. నడుము లోతే. కడ్డీ పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరకి నడిచాను. కళ్ళు మండలేదు.

కొర్రమీను పిల్లల్ని వృథా చేయలేదు. నీ మనుషులు వద్దు సార్ వద్దు సార్ అంటున్నా వినకుండా నీ రొయ్యల చెరువులో వదిలించాను. కొర్రమీను ఏం తిని పెరుగుతుందో నీకు నేను చెప్పక్కర్లేదు. మేత ప్రకటన వేయించినవాడివి, మేత సంగతి నీకే బాగా తెలుసు.

నేనిక్కడ ఇంకొన్నాళ్ళు ఉంటాను. నీళ్ళు రోజూ చూసుకోవాలి. నువ్వు అక్కడే ఉండి నా మొక్కలకి నీళ్ళు పోయి. పప్పు కుక్కర్లో పెట్టేటప్పుడు నీళ్ళు కొలిచి పోయి, అందాజుగా కాదు.

ఇట్లు,
శాలేమురాజు

తా.క. సముద్రం నీళ్ళలో ఉండేది క్లోరైడేగాని క్లోరిన్ కాదని, ఆ రెండింటికీ తేడా ఉందని, అంచేత నేను పెట్టిన షరతు ఇంకా తీరనట్టేనని స్టెల్లాకి చెప్పబోయాను. మధ్యలో ఫోన్ పెట్టేసింది. ప్రియ బాపట్ల ఎప్పుడైనా వెళుతుందేమో కనుక్కో. మిగతాది రాసి పంపుతాను.